చెయ్యి తీసేస్తే బాగుండేదట!

"చీమలా చూడండి మేడం, చీమలా! మనిషిలా చూస్తే అందరూ తీసే ఫోటోనే వస్తుంది."

2019 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, తడి నేల మీద బోర్లా పడుకుని ఉన్న నాతో మా శిక్షకుడు అన్న మాట ఇది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఎవర్నీ అడక్కుండా నా కోసం నేను కొనుక్కున్న మొదటి ఖరీదైన వస్తువు కెమెరా. మొక్కల్ని కొత్త కోణాల్లో, ఊహాత్మకంగా ఎలా ఫోటో తీయాలో రెండు రోజులు నేర్పుతామంటే చేరాను. మొత్తం ఇరవై మందిమి. అందులో ఆడవాళ్లం ముగ్గురం.

ఆయన చెప్పినవన్నీ పనికొచ్చే మాటలే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఎండ నడినెత్తికి రాకముందే తీయాలి. మబ్బు పట్టిన రోజు ఆకుపచ్చకి మంచిది, తళతళ తగ్గి రంగు నిండుగా వస్తుంది. ఆకు వెనక నుంచి వెలుతురు పడుతుంటే ఈనెలన్నీ బయటపడతాయి. నిలబడి మొక్క నెత్తిన చూసే బదులు మనమే దాని ఎత్తుకి దిగాలి. లెన్సు కంతను పెద్దది చేస్తే వెనకున్నదంతా మసకబారి పువ్వొక్కటే నిలుస్తుంది. గాలి ఆగేదాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ నేర్చుకున్నాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. నా పేచీ వీటితో కాదు.

ఆ రోజు నేల మీద పడుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది చీమ కాదు. వెనక ఎవరు నిలబడ్డారు, కుర్తా ఎక్కడిదాకా లేచింది అన్నది. పక్కన మగవాళ్లు హాయిగా దొర్లి, దుమ్ము దులుపుకుని లేస్తున్నారు. ఊహకి రెక్కలుంటాయని కవులు చెప్పగా విన్నాను గానీ, ఆడదాని ఊహకి ముందు చున్నీ సర్దుకునే పని ఉంటుందని ఆ రోజే తెలిసింది. తెల్లవారుజామున ఐదున్నరకి అడవిలో ఉంటే అద్భుతమైన వెలుతురు దొరుకుతుందని ఆయన అన్నప్పుడు, మా ముగ్గురిలో చిన్నమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఆ వెలుతురు అందరిదీనట. ఆ వేళకి ఆ దారిన ఒంటరిగా నడిచి వెళ్లే ధైర్యం మాత్రం ఎవరికి వారు తెచ్చుకోవాలట.

టీ విరామంలో నేను కొండ దిగువనున్న పత్తి చేను గట్టు మీదికి వెళ్లాను. ఆరేడుగురు ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నారు. వాళ్ల కళ్లు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో అప్పుడు గమనించాను. పొద్దుటి నుంచి మా శిక్షకుడు మమ్మల్ని ఏ ఎత్తుకి దిగమంటున్నాడో సరిగ్గా ఆ ఎత్తులోనే! మేము రుసుము కట్టి, చాపలు వేసుకుని, పది నిమిషాలు దిగి లేచే ఆ చోట వాళ్లు పొద్దస్తమానం ఉంటారు, ఏళ్ల తరబడి ఉంటారు. దాన్ని కొత్త కోణం అని ఎవరూ అనరు. కూలి అంటారు.

గట్టు మీద తుంగ పూసింది. ఎర్రటి గోధుమరంగు కంకుల మీద తడి మెరుస్తోంది. వంగి తీస్తుంటే వరస చివరనున్న పెద్దామె చూసింది.

"ఏం తీస్తున్నవ్ బిడ్డా?"

"తుంగ పువ్వమ్మా. ఎర్రగా బాగుంది."

"పువ్వుల ఏమున్నది? ఏరు సూడు. ఇదెందుకు సావదో ఎరుకైతది."

ఖుర్పీతో లోతుగా తవ్వి, తెగకుండా పైకి లాగి, ఎండకి ఎదురుగా పట్టుకుంది. ఒక గడ్డ, దాన్నుంచి సన్నటి దారం లాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, మళ్లీ దారం, మళ్లీ గడ్డ. మట్టి పైన విడివిడిగా కనబడే పది మొక్కలు మట్టి కింద ఒక్కటే అయి ఉంటాయి. పైపైన కోసేస్తే ప్రతి గడ్డా మళ్లీ మొలుస్తుంది. ప్రపంచంలోకెల్లా మొండి కలుపు మొక్కల్లో మొదటిదిగా 1977లో శాస్త్రవేత్తలు లెక్కగట్టింది ఈ తుంగనే. మా అమ్మ ఎండబెట్టి స్నానపు పొడిలో కలిపే తుంగముస్తెలు ఈ గడ్డలే. ఇంత కథ ఉన్న మొక్కలో నేను చూసింది ఎర్రటి కంకిని! ఆమె చెప్పినట్టు తీశాను. గోళ్ల నిండా మట్టి ఉన్న చెయ్యి, వేళ్ల మధ్య నుంచి వేలాడే గడ్డల గొలుసు, వెనక నుంచి ఎండ. నేను తీసిన ఫోటోల్లో ఊహ అన్నది ఉన్న మొదటి ఫోటో అదే. ఆ ఊహ నాది కాదు.

ఆ ఫోటోని ఒక పోటీకి పంపాను, ప్రకృతి విభాగంలో. ఫలితాలయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన మర్యాదగానే చెప్పాడు. "వెలుతురు బాగుంది. ఆలోచన కొత్తగా ఉంది. కానీ చెయ్యి తీసేస్తే బాగుండేది మేడం. ప్రకృతిలో చెయ్యేమిటి?"

అప్పటి నుంచి ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన రూలు ప్రకారమే చెప్పాడు. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ కళా సమాఖ్య, అమెరికా, బ్రిటన్‌లలోని పెద్ద ఫోటోగ్రఫీ సంఘాలు కలిసి ప్రకృతి ఫోటోకి ఒక నిర్వచనం రాసుకున్నాయి. మన దగ్గర జరిగే పోటీలు చాలావరకు దాన్నే అనుసరిస్తాయి. దాని ప్రకారం ప్రకృతి ఫోటోలో మనిషి ఆనవాలు ఉండకూడదు. ఆ ఆనవాలు ప్రకృతి కథలో విడదీయరాని భాగమైతే తప్ప. అంటే మనుషులు మార్చిన పరిసరాలకి అలవాటుపడ్డ గుడ్లగూబలు, కొంగల వంటివన్నమాట. మనిషి సాగుచేసిన మొక్కలు కూడా పనికిరావు. కుండీలో పెంచిన పువ్వుని అడవి పువ్వుగా చూపించే మోసాల్ని ఆపడానికి ఇలాంటి రూలు అవసరమే కావచ్చు. కానీ దాని పర్యవసానం చూడండి. కొంగ వాలితే గోడ కూడా ప్రకృతి కథలో భాగం కాగలదు. తుంగని వేరుతో సహా ఎరిగిన చెయ్యి మాత్రం కాలేదు. తుంగ ప్రకృతి. తాండూరు కంది ప్రకృతి కాదు. జొన్న కాదు. విత్తనాన్ని వందల తరాలుగా ఏరి, బూడిద కలిపి, కుండల్లో దాచి, మళ్లీ మట్టికి అప్పగించిన ఆడవాళ్ల పనంతా ప్రకృతి అనే మాటకి బయటే నిలబడింది.

ఈ తర్కం మనకి కొత్తదా? విస్తట్లో అన్నం కనబడుతుంది, వండిన చెయ్యి కనబడదు. మనుషులు లేని అడవి అనే ఊహ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1878 అటవీ చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం రిజర్వు అడవుల్ని ఏర్పరిచాక, అంతకుముందు పుల్లలు ఏరుకున్న, ఆకు కోసుకున్న ఆడవాళ్లు అదే అడవిలో దొంగలయ్యారు. మనిషి ఆనవాలు లేని పచ్చదనం అందంగా ఉందని మురిసే ముందు, ఆ ఆనవాళ్లని ఎవరు తుడిచారో అడగొద్దా?

సాహిత్య విమర్శలో మనం ముప్పై నలభై ఏళ్లుగా 'దృక్కోణం' అన్న మాట వాడుతున్నాం. స్త్రీవాద దృక్కోణం, దళిత దృక్కోణం. నేను కూడా సెమినార్లలో వందసార్లు అని ఉంటాను. అది నిజంగా ఒక కోణమని, ఒక ఒళ్లు ఒక చోట నిలబడో కూర్చునో చూసే చూపు అని కెమెరా పట్టుకున్నాకే నాకు అనుభవంలోకి వచ్చింది. కోణం లెన్సులో ఉండదు. నిన్ను ఎక్కడ నిలబడనిచ్చారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్న దాంట్లో ఉంటుంది.

మొక్కల ఫోటోల చరిత్రలో ఆడవాళ్లు లేరా అంటే, మొదట్లోనే ఉన్నారు. ఫోటోలతో వేసిన తొలి పుస్తకం ఒక స్త్రీ చేసినది. ఇంగ్లండ్‌కి చెందిన ఆనా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచు మొక్కల ఫోటోల పుస్తకం మొదటి భాగం తెచ్చింది. ఆమె కెమెరా వాడలేదు. అంతకు ఏడాది ముందే జాన్ హెర్షెల్ కనిపెట్టిన రసాయన పద్ధతిలో కాగితానికి పూత పూసి, దాని మీద నాచుని పరిచి, ఎండలో పెట్టింది. నీలం మీద తెల్లటి నీడలా మొక్క తన బొమ్మ తానే వేసుకుంది. పదేళ్లపాటు ఆ పని చేసింది. పుస్తకం మీద 'ఎ.ఎ.' అని పొడి అక్షరాలే వేసుకుంటే, తర్వాతి కాలంలో ఒక పెద్దమనిషి ఆ రెండక్షరాలకి 'అనామక అమెచ్యూర్' అని అర్థం చెప్పాడు! పేరులో ఆడమనిషి ఉండొచ్చని తోచలేదు మరి.

అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1920లలో ముగ్గురు చిన్న మగపిల్లల్ని పెంచుతూ, గడప దాటే వీలు లేక, తన పెరట్లో పూల వైపు కెమెరా తిప్పింది. 1925లో ఆమె తీసిన మాగ్నోలియా పువ్వు ఫోటోలో రేకులు తెరుచుకుని చట్రం నిండిపోతాయి, మధ్యలో కేసరాలు గోపురంలా లేస్తాయి. ఆకాశం లేదు, కొమ్మ లేదు. ఆ దగ్గరితనాన్ని కళా విమర్శకులు ఆధునిక శైలి అన్నారు. ఒప్పుకుంటాను. కానీ అది పిల్లలు నిద్రలేచే లోపు, పెరడు దాటకుండా చూడగలిగిన చూపు కూడా. ఉన్న చోటు నుంచి కదల్లేని మనిషి ఉన్నదాన్నే లోతుగా చూసింది. దీన్ని త్యాగంగా పొగిడే పని నేను చెయ్యను. ఆమెకి కొండలెక్కే వీలుంటే ఏం తీసేదో మనకి ఎప్పటికీ తెలీదు.

1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బుంగ మిరపకాయని రేకు గరాటులో పెట్టి తీసిన ఫోటో జగత్ప్రసిద్ధం. అందులో మనిషి ఒంటి వంపులు కనబడతాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొప్ప ఫోటోనే. అయితే నా ప్రశ్న ఒకటుంది. కూరగాయలో ఒంటిని చూడటం ఊహాశక్తి అయినప్పుడు, మొక్క పక్కన నిజమైన ఆడమనిషి చెయ్యి కనబడితే అది లోపం ఎలా అయింది? అది వేరే విభాగం అంటారు. సరే, విభాగాలు ఎవరు గీశారు?

మన దగ్గరా తక్కువేం లేదు. మొక్క వైపు నుంచి చూడటం అనగానే తెలుగువాళ్లకి కరుణశ్రీ 'పుష్పవిలాపం' గుర్తొస్తుంది. ఘంటసాల గొంతులో విని కళ్లు చెమర్చని వాళ్లు ఉండరు. నేను క్లాసులో ఎన్నోసార్లు పాడి వినిపించాను. పూలే మాట్లాడటం మంచి ఊహ. కానీ ఆ పూల నిష్ఠూరం ఎవరి మీద? సూదితో గుచ్చి, దారంతో కట్టే ఆడవాళ్ల మీద! గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గర మూరల లెక్కన పూలు కట్టి పిల్లల్ని పోషించుకునే మనిషి వేళ్లు ఆ పూలకి కనబడలేదు. మా న్యాయనిర్ణేత చెయ్యి వద్దన్నాడు. ఆ కవి చేతిని చూపించాడు గానీ, నేరస్థురాలి చెయ్యిగా చూపించాడు.

పేర్లు కూడా చూడండి. పొలాల్ని ఆక్రమించి, తాకితే ఒళ్లు దద్దుర్లెక్కించే పార్థీనియంకి మనవాళ్లు పెట్టుకున్న పేరు వయ్యారిభామ. తాకితే ముడుచుకునే అత్తిపత్తికి లాటిన్‌లో పెట్టిన పేరుకి అర్థం సిగ్గరి. హద్దు మీరితే భామ, ముడుచుకుంటే బిడియం. మొక్కని మొక్కగా చూడనివ్వకుండా అడ్డం నిలబడింది స్త్రీవాదం కాదు, ఈ పేర్లు పెట్టిన చూపు. "ప్రతిదాన్నీ స్త్రీవాదం చేస్తావు, పువ్వుని పువ్వుగా చూడలేవా?" అని విసుక్కునే మిత్రులకి నా జవాబు ఇదే.

ఈ చర్చంతా మనకంటే ముందే, మనకంటే సూటిగా తేల్చేసిన వాళ్లున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు వీడియో కెమెరాలు పట్టి, 2001లో తమ కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. చిరుధాన్యాలు పండించే ఈ స్త్రీలు కెమెరా కోణాలకి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ కూలివాళ్లని అలాగే చూస్తాడు. కింద నుంచి పైకి చూసేదాన్ని బానిస చూపు అన్నారు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. తాము తీయాలనుకున్నది ఆ మూడోదే అన్నారు.

ఏ సినిమా బడిలోనైనా పై కోణం, కింది కోణం అని పాఠం చెబుతారు. ఆ కోణం ఎవరిదో చెప్పరు. వీళ్లు చెప్పారు. 2002లో బీటీ పత్తికి ప్రభుత్వం అనుమతి ఇచ్చాక, వరంగల్ జిల్లా చేలల్లోకి కెమెరాలతో వెళ్లి, ఆ మొక్కని, దాన్ని వేసి నష్టపోయిన రైతుల్ని చిత్రించి 2003లో సినిమాగా తెచ్చింది కూడా వీళ్లే. మొక్కని ఫోటో తీయడమంటే దాన్ని నమ్ముకున్న మనిషిని కూడా తీయడమని వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

అందుకే చీమలా చూడమన్న పాఠం నాకు సగమే అనిపిస్తుంది. చీమకి పత్తి ధర పట్టదు. చీమలా చూడగలిగిన ఊహ, పక్క చేలో ఉన్న మనిషిలా చూడటానికి ఎందుకు సాగదు?

ఇలా చూడటం వల్ల ఫోటో పాడవుతుందని, కళ కాస్తా ఉపన్యాసం అవుతుందని కొందరి భయం. నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పని తెలిసిన ఆడవాళ్లు మొక్కని ఎక్కడెక్కడ చూస్తారో అక్కడికి వెళ్లాక నాకు దొరికిన కోణాలు ఏ శిక్షణలోనూ దొరకలేదు.

ఒకటి, ఆకు వెనక. వంకాయ మొక్క దగ్గరికి వెళ్లిన ఆడమనిషి ముందు ఆకు తిప్పి చూస్తుంది. పురుగు గుడ్లు, తెల్లదోమ, పేనుబంక అన్నీ అక్కడే కాపురముంటాయి. మా వాళ్లు పై నుంచి వెలుతురు చూస్తారు. తిప్పి చూస్తే అక్కడ వేరే లోకం, నూగు, ఉబికిన ఈనెలు, ఫెర్న్ ఆకు వెనక వరసలుగా గోధుమరంగు చుక్కలు. రెండు, వేరు. నాకు తుంగ నేర్పిన పాఠం. మన ఫోటోలన్నీ నేల మట్టానికి ఆగిపోతాయి, సగం మొక్కని తీసి మొక్క అంటాం. మూడు, ఏడాది. ఇది అన్నిటికంటే కష్టం. జులైలో గునుగు కలుపు, దొరికినచోటల్లా పీకి పారేస్తారు. దసరా ముందు అదే గునుగు తంగేడుతో కలిసి బతుకమ్మ అవుతుంది. తెల్లటి కంకిని రంగుల్లో ముంచి, వరసలు పేర్చి, దాని చుట్టూ తిరిగి పాడి, చెరువులో వదులుతారు. ఒకే మొక్క, ఒకే చేతులు. ఒక్క ఉదయం బంగారు వెలుతురులో తీసిన గునుగు ఫోటో ఎంత అందంగా ఉన్నా, అందులో ఈ రెండు బతుకులూ ఉండవు. మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లాలి. ఖర్చు లేని పరికరం అదొక్కటే, అయినా ఎవరూ సిఫార్సు చెయ్యరు.

ఇంతదాకా రాసి ఇక్కడ ఆపేస్తే నేను గెలిచినట్టే ఉంటుంది. కానీ జరిగింది ఇంకా ఉంది.

మరుసటి వానాకాలం కరోనా వల్ల కుదరలేదు. 2021లో ఆ తుంగ ఫోటోని పెద్దదిగా ప్రింటు వేయించి ఆ చేనికి వెళ్లాను. పెద్దామె ఇంకో చేలో ఉందంటే వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చాను. ఇది నీ చెయ్యేనని, దీన్ని తీసేయమంటే నేను ఒప్పుకోలేదని కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోటో పట్టుకుని చాలాసేపు చూసింది. పక్కవాళ్లకి చూపించింది. తర్వాత నన్నడిగింది.

"చెయ్యి నాదే. మరి నేనేడున్న బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన వేళ్ల దగ్గర కత్తిరించమన్నాడు. నేను మణికట్టు దగ్గర కత్తిరించాను. మా ఇద్దరికీ తేడా జానెడు. ఆమె మాట తీసుకున్నాను, ఆమె వేరు చూపిస్తే తీసుకున్నాను, ఆమె చేతిని కూడా నా వాదనకి సాక్ష్యంగా తీసుకున్నాను. ఆ రెండేళ్లలో ఎన్ని చోట్ల ఆ ఫోటో గురించి మాట్లాడానో! ఒక్కచోట కూడా ఆమె పేరు చెప్పలేదు. ఎందుకంటే అడగలేదు. మన వ్యాసాల్లో, మన కవితల్లో శ్రామిక స్త్రీ చేతులు, పాదాలు, పగుళ్లు ఎంత తరచుగా కనబడతాయో, ఆ మనిషి ముఖమూ మాటా ఎంత అరుదుగా కనబడతాయో అప్పుడు గుర్తొచ్చింది. మనకీ ఒక విభాగం ఉంది. అందులో మనమూ న్యాయనిర్ణేతలమే.

ఆ రోజు పేరు అడిగాను. ఇక్కడ రాయటం లేదు, రాయమని ఆమె నాకు చెప్పలేదు కనుక. ఇంకో ఫోటో తీసుకోనా అని అడిగాను. ఒప్పుకుని, కొంగు సర్దుకుని, ఖుర్పీ పక్కన పెట్టి, తుంగ మొక్క ఒకటి లాగి ఒళ్లో పెట్టుకుంది. నేను లేచి దూరం జరిగి, వెలుతురు ఎటు ఉందో చూసుకుంటూ కెమెరా ఎత్తాను.

"గట్ల నిలవడి కాదు. గీడ కూసో" అంది, ఎదురుగా మట్టి చూపించి.

కూర్చున్నాను. ఆ ఫోటోలో వెలుతురు మొదటిదాని కంటే తక్కువే. గడ్డల గొలుసు సగమే కనబడుతుంది. ఆమె మాత్రం మొత్తం ఉంది, నేరుగా నా కళ్లలోకి చూస్తోంది.

ఈ ఏడాది మళ్లీ పోటీ ప్రకటన వచ్చింది. ప్రకృతి విభాగానికే పంపుతున్నాను. తిప్పి పంపితే పంపనీ. మళ్లీ పంపుతాను.